జపనీస్‌లో బీఏ చేస్తానంటోంది, ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. రెండేళ్లుగా తనంతట తానే జపనీస్ నేర్చుకుంటోంది. ఇప్పుడు ఇంజినీరింగ్ వద్దు, జపనీస్‌లో బీఏ చేస్తానంటోంది. బీటెక్‌లో చేరి, పక్కన ఆరు నెలల కోర్సు చేస్తే జపాన్‌లో ఉద్యోగం రాదా? రెండింటిలో ఏ ప్యాకేజీ ఎక్కువ?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఏటా ఇదే ప్రశ్న వస్తుంది, భాష పేరే మారుతుంది. మీ టెన్షన్ కోర్సు గురించి కాదండీ. పిల్ల రేపు తన కాళ్ల మీద నిలబడుతుందా అని. నిలబడుతుంది. కానీ ఆ ఆరు నెలల కోర్సును నమ్ముకుని కాదు.

‘ఆరు నెలల్లో ఎన్4, వెంటనే జపాన్’ అనే ప్రకటనలంటే నాకు అనుమానం. జపనీస్ ఎంత వచ్చో తేల్చే పరీక్ష జేఎల్‌పీటీలో ఐదు మెట్లుంటే ఎన్4 కింది నుంచి రెండోది. ఆ పరీక్షలో మాట్లాడించరు, వాక్యం రాయించరు, సరైన జవాబు గుర్తిస్తే చాలు. ఆ స్థాయితో 2019లో మొదలైన నైపుణ్య వీసా మీద వృద్ధుల సంరక్షణ, వ్యవసాయం లాంటి పనులకు వెళ్లొచ్చు. గౌరవమైన పనులే, కానీ పని ఏమిటో ముందే చెప్పాలి కదా! అనువాదానికి, దుబాసీ పనికి కనీసం పైనుంచి రెండో మెట్టు ఎన్2 కావాలి. అక్కడ నిత్యవాడుకకు నిర్ణయించిన కంజి (చైనా నుంచి వచ్చిన లిపి) అక్షరాలే 2,136. ‘జీవం’ అనే అర్థమున్న ఒకే అక్షరాన్ని గురువు అనే ‘సెన్‌సే’లో ‘సే’ అని, పచ్చిగుడ్డు అనే ‘నమతమగొ’లో ‘నమ’ అని చదవాలి. ఇది ఆరు నెలల్లో తేలే వ్యవహారం కాదు.

వ్యాకరణం మాత్రం మనవాళ్లకు చుట్టం లాంటిది. ‘తబెతె మితె కుదసాయ్’ అంటే ‘తిని చూడండి’. తబెతె అంటే తిని. మితె ‘చూడు’ అనే క్రియ నుంచి వచ్చింది. రుచి చూడమనడానికి వాళ్లూ ‘చూడు’నే వాడతారు, క్రియ చివరే వస్తుంది. (రెండు భాషలూ ఒక తల్లి బిడ్డలని కొందరంటారు. భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోరు.) వాళ్ల అ, ఇ, ఉ, ఎ, ఒ, క, స, త, న వరుస కూడా బౌద్ధ భిక్షువుల సంస్కృత అధ్యయనం వల్ల ఏర్పడిందే.

కొంచెం కటువుగా చెబుతున్నా, ఏమనుకోకండి. ప్యాకేజీ అడిగారు గానీ ఆ పిల్ల ఏం నేర్చుకుందో ఒక్కమాట రాయలేదు. ఎంపీసీ బరువు మోస్తూ, ఎవరూ చెప్పకుండా రెండేళ్లు ఒక భాషను పట్టుకుని ఉండటం చిన్న విషయమా? మీరు వెతుకుతున్న భద్రత ఆ పట్టుదలలోనే ఉంది.

ఇక పోలిక. లెక్కలు ఇష్టమైతే బీటెక్ చేయనివ్వండి, జపనీస్ కూడా సాగించనివ్వండి. మొదటి నుంచీ జపాన్ సహకారంతో ఎదిగిన ఐఐటీ హైదరాబాద్ ఉండనే ఉంది. లెక్కలంటే విసుగైతే ఢిల్లీ జేఎన్‌యూ, శాంతినికేతన్‌లోని విశ్వభారతి జపనీస్ విభాగం నిప్పన్ భవన్ చూడండి. బీఏ అయ్యేసరికి ఎన్2 లక్ష్యంగా పెట్టుకోమనండి.

ఈ ఆదివారం అమ్మాయి నోట్‌బుక్ తెమ్మని, ఒక పేజీ చదివించి అర్థం చెప్పించుకోండి. తర్వాత నాకు మళ్లీ రాయండి, ఈసారి ఇద్దరూ కలిసి.