తదియనాడు బంగారం కొనాల్సిందేనా?

ప్రశ్న: అక్షయ తృతీయ వస్తోందంటే టీవీలో, పేపర్లో, ఫోన్లో అన్నీ బంగారం ప్రకటనలే. ఆ రోజు గ్రామైనా కొనకపోతే నాకు మనసొప్పదు. మా అత్తగారేమో ‘మా కాలంలో ఇదంతా ఎక్కడిది’ అని కొట్టిపారేస్తారు. ఎవరి మాట నిజం మేడమ్?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: నా ఓటు మీ అత్తగారికే. వైశాఖ శుద్ధ తదియ అంటే మన పెద్దవాళ్లకు దానాల రోజు. ఎండలు మండిపోయే కాలం కదా, నీళ్లకుండ, విసనకర్ర, గొడుగు, చెప్పులు ఇచ్చేవారు. విశాఖ వైపు వాళ్లకైతే సింహాచలం చందనోత్సవం. అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికి ఆ ఒక్కరోజే. బంగారం షాపు ముందు టోకెన్ పట్టుకుని నిలబడడం తర్వాత వచ్చిన ముచ్చట.

విజయవాడలో నగల దుకాణాలకు చాలాకాలం ప్రకటనలు రాసినదాన్ని కాబట్టి చెబుతున్నా. ‘కొనండి’ అని నేరుగా రాసేవాళ్లం కాదు. పట్టుచీర, దీపం, కోడలి మెడలో అత్తగారు వేస్తున్న హారం, అంతే. ధర ఊసే ఉండదు. చూసినావిడకు తన ఇంట్లో ఏదో లోటున్నట్టు అనిపించాలి. పక్కింటావిడ కొన్నదని తెలిసిందా, మిగతాది దానంతటదే జరిగిపోతుంది. మీ మనసొప్పకపోవడంలో మావాళ్ల చెయ్యి కొంత ఉందన్నమాట!

ఇక ‘తరుగులో 50% తగ్గింపు’ సంగతి. నగ చేసేటప్పుడు బంగారం వృథా అవుతుందంటూ అదనంగా వేసేదే తరుగు. 20 గ్రాముల గొలుసుకు తరుగు 20% అన్నారనుకోండి, 4 గ్రాముల బంగారం ధర అదనం. సగం తగ్గిస్తే 2 గ్రాములు. పక్క షాపువాడు ఏ ఆఫరూ పెట్టకుండా 10% అంటే అదీ 2 గ్రాములే. అయినా జనమంతా బోర్డు పెట్టినవాడి దగ్గరే! ఆ తగ్గింపు ఏ నగలకో చుక్క గుర్తు పెట్టి చీమతలంత అక్షరాల్లో రాస్తారు. పైన 3% జీఎస్టీ ఎక్కడైనా తప్పదు.

కొనొద్దని అనను. డబ్బు చేతిలో ఉంటే కొనుక్కోండి, అప్పు చేసి మాత్రం వద్దు. ముందే ఓ మామూలు రోజున వెళ్లి మీరనుకున్న నగకు తరుగెంతో అడిగి రాసుకోండి. బిల్లులో బంగారం బరువు, రాళ్ల బరువు, తరుగు విడివిడిగా వేయమనండి. నగమీద అక్షరాలు, అంకెలు కలిపి 6 ఉండే హెచ్‌యూఐడీని, అంటే ఆ నగ హాల్‌మార్క్ గుర్తింపు కోడ్‌ని, ప్రభుత్వ ప్రమాణాల సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. ఇవన్నీ సేల్స్ అమ్మాయి హారం మెడలో వేసి అద్దం చూపించేలోపే అయిపోవాలి. అద్దం చూశాక అడగడానికి నోరు రాదు.