పేజీ మీ ఫోన్‌లో చెదిరిందని అమ్మాయి దారి మార్చకండి

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. ఫ్రంట్ఎండ్, అంటే వెబ్‌సైట్‌లో కంటికి కనబడే భాగం తయారుచేయడం నేర్చుకుంటోంది. తను చేసిన వెబ్‌పేజీ తన లాప్‌టాప్‌లో, క్రోమ్‌లో చక్కగా ఉంది. నా ఐఫోన్‌లో తెరిస్తే అడుగున ఉండాల్సిన బటన్ లేదు, వరసలో ఉండాల్సిన డబ్బాల్లో ఒకటి కిందికి జారింది. స్క్రీన్‌షాట్ తీసి బంధువుల గ్రూపులో పెడితే అలిగింది. తనకి ఈ పని అబ్బదేమో! కోడింగ్ లేకుండా ఏఐతో వెబ్‌సైట్లు చేయడం నేర్పే మూడు నెలల కోర్సు ఉందట. రెండిట్లో ఏది మేలు?
– ఒక తండ్రి

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దామండీ. పేజీ ఒక బ్రౌజర్‌లో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా కనబడటం మీ అమ్మాయి చేతకానితనం కాదు. ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నవాళ్లకీ ఇది మామూలే. సరిగ్గా ఈ తేడాలు పట్టుకుని సరిచేయగలరనే వాళ్లకి జీతాలిచ్చేది.

సర్వర్ నుంచి వచ్చేది గీసిపెట్టిన బొమ్మ కాదు, సూచనలు. వాటిని చదివి తెరమీద గీసేది బ్రౌజర్ లోపలి ఇంజిన్. క్రోమ్, ఎడ్జ్‌లలో బ్లింక్, ఫైర్‌ఫాక్స్‌లో గెకో, సఫారీలో వెబ్‌కిట్. ప్రమాణాలు అందరికీ ఒకటే అయినా, కొత్త సౌకర్యం అన్నిట్లోకీ ఒకేరోజు రాదు. డబ్బాల్ని వరసలో పేర్చే ఫ్లెక్స్ పద్ధతిలో, వాటి మధ్య ఖాళీ వదిలే గ్యాప్ అన్న సూచననే చూడండి: ఫైర్‌ఫాక్స్‌లోకి 2018లో, క్రోమ్‌లోకి 2020లో, సఫారీలోకి 2021లో వచ్చింది. అప్‌డేట్ చేయని పాత ఫోన్‌లో ఆ డబ్బాలు ఒకదానికొకటి అతుక్కుని కనబడతాయి.

ఇక మీరు చెప్పిన రెండు లక్షణాలు. బటన్ మాయమవడానికి ఎక్కువసార్లు కారణం, పేజీ ఎత్తు 100 వీహెచ్, అంటే తెర ఎత్తంతా అని రాయడం. ఐఫోన్ సఫారీ ఆ ఎత్తుని తన అడ్రస్ బార్ ముడుచుకున్నప్పటి తెరకి లెక్కగడుతుంది. బార్ తెరిచి ఉన్నంతసేపూ అడుగుభాగం కనబడదు. ఆ లైను కిందే 100 డీవీహెచ్ (బార్ తెరిచినా ముడిచినా దానికి తగ్గట్టు మారే ఎత్తు) అని ఇంకో లైను రాస్తే చాలు. అది తెలిసిన బ్రౌజర్ రెండోదాన్ని తీసుకుంటుంది, తెలియనిది వదిలేసి మొదటిదానితో సరిపెట్టుకుంటుంది. సఫారీలో ఇది 15.4 వెర్షన్ నుంచి, అంటే 2022 నుంచి పనిచేస్తుంది.

డబ్బా జారడానికి కారణం ఫాంట్ కావచ్చు. విండోస్‌లో ఉండే సెగో యూఐ ఐఫోన్‌లో ఉండదు. దాని బదులు వచ్చే ఫాంట్‌లో అక్షరాలు కాస్త వెడల్పైతే మాట పొడుగవుతుంది, వరసలో చోటు చాలక చివరి డబ్బా కిందికి దిగుతుంది. పేజీ లోపలి వివరాలు చూపే క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో కంప్యూటెడ్ ప్యానెల్ అడుగున, నిజంగా వాడిన ఫాంట్ పేరు ఉంటుంది. తన లాప్‌టాప్‌లో అక్కడ సెగో యూఐ అని ఉంటే అనుమానం బలపడినట్టే. పేజీతోపాటే ఫాంట్ ఫైలునీ పంపితే అన్నిచోట్లా ఒకే ఫాంట్ వస్తుంది.

చాలామంది విద్యార్థులు బోల్తాపడేది ఇంకోచోట. క్రోమ్‌లో ఫోన్ తెరని అనుకరించే డివైస్ మోడ్ పెట్టి ఐఫోన్ ఎంచుకుని, ఫోన్‌లో పరీక్షించేశాం అనుకుంటారు. అక్కడ మారేది ప్రధానంగా తెర కొలత, గీసే ఇంజిన్ మాత్రం బ్లింకే. ఆపిల్ పరికరం లేనివాళ్లు ప్లేరైట్ అనే ఉచిత సాధనంతో విండోస్‌లోనే వెబ్‌కిట్‌ని నడిపి చూడొచ్చు. అది అచ్చంగా సఫారీ కాకపోయినా చాలా తప్పులు ముందే బయటపడతాయి. చివరి పరీక్ష మాత్రం అసలు ఫోన్‌లోనే.

ఆ ఫోన్ మీ ఇంట్లోనే ఉంది కదండీ! దాన్ని అమ్మాయి చేతికివ్వాల్సింది పోయి, తప్పుని నలుగురిలో పెట్టారు. అలిగిందంటే అలగదా మరి? నేర్చుకునే పిల్ల సగంలో ఉన్న పనిని బంధువుల ముందు పరిచి, ఆ తర్వాత "అబ్బలేదేమో" అనడం న్యాయం కాదు. ఈసారి స్క్రీన్‌షాట్ తనకొక్కదానికే పంపండి. ఫోన్ మోడల్, ఐఓఎస్ వెర్షన్, ఏం నొక్కితే ఏమైందో కూడా రాయండి. పనికొచ్చే ఫిర్యాదంటే అదీ.

ఆ కోర్సు మీద నాకు అనుమానాలున్నాయి. ఏఐ నిమిషాల్లో పేజీ కట్టిస్తుంది, నిజమే. డెమోలో మెరిసిపోతుంది కూడా. సఫారీలో చెదిరినప్పుడే చిక్కు. సరిచేయమంటే పాత రూలు మీద కొత్త రూలు వేసి, దానికి ఇంపార్టెంట్ అని, అంటే మిగతా రూల్స్‌ని తోసేసి ఇదే చెల్లాలన్న గుర్తు తగిలించి ఇస్తుంది. ఆ దెబ్బకి ఫైర్‌ఫాక్స్‌లో ఇంకేదైనా చెడిందా అన్నది పేజీ రూపురేఖల్ని రాసే భాషైన సీఎస్‌ఎస్ చదవడం రానివాళ్లు తేల్చుకోలేరు. మూడు నెలల తర్వాత ఆ అభ్యర్థి చేసేదీ, కోర్సు చేయకుండానే ఆ సాధనం వాడే యజమాని చేసుకునేదీ ఒకటే అయితే ఉద్యోగం ఎవరిస్తారు? సీఎస్‌ఎస్ వచ్చినవాళ్ల చేతిలో అదే ఏఐ మంచి పనిముట్టు. కాబట్టి అమ్మాయిని ఉన్న దారిలోనే సాగనివ్వండి, ఏఐ వాడకం పక్కన నేర్చుకుంటుంది.

అయినా చేర్పించాలనే ఉంటే, ఫీజు కట్టేముందు వాళ్ల విద్యార్థులు చేసిన ఒక పేజీని మీ ఐఫోన్‌లోనే తెరిచి చూడండి. చెదిరితే అక్కడికక్కడే సరిచేసి చూపించమనండి.