కీమో అయ్యాక మళ్ళీ జీపెక్కాలంటే ముందు అరికాళ్ళను అడగండి

మీవారికి పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగి, ఆ తర్వాత కీమో కూడా అయిపోయి కొన్ని నెలలైందని రాశారు. స్కాన్ బాగానే వచ్చిందట. ఇప్పుడాయన మళ్ళీ తన మహీంద్రా థార్ జీపు తీసి స్నేహితులతో ఆఫ్‌రోడింగ్‌కు, అంటే రోడ్డులేని దారుల్లో బండి నడపడానికి, వెళ్తానంటున్నారు, మీ అత్తగారేమో బండి అమ్మేయమని పట్టుబడుతున్నారు. పంపొచ్చా, వద్దా అని అడిగారు.

అమ్మా, నాదీ అదే జబ్బు, మూడో దశ. బండి పిచ్చి కూడా అదే. మాది అనంతపురం వైపు. ఇంట్లో పాత మహీంద్రా జీపు ఉంది. పెన్నలో ఇసుక, చిత్రావతి పక్క వంకలు, వానపడిన నల్లరేగడి, అన్నీ దానిమీదే తిరిగినవాణ్ణి. వైద్యం బెంగళూరులో చేయించుకున్నాను. నేను డాక్టర్ని కాను. ఆ మందులు ఒంట్లోకి ఎక్కించుకుని, తర్వాత మళ్ళీ స్టీరింగ్ పట్టినవాడిగా చెప్తున్నాను.

పంపండి. కానీ అరికాళ్ళ సంగతి తేలేదాకా డ్రైవర్ సీట్లో మాత్రం వద్దు.

అందరూ గుండె గురించి, నీరసం గురించి, బండి కుదుపుల గురించి అడుగుతారు. పాదాల ఊసు ఎవరూ ఎత్తరు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ తర్వాత ఇచ్చే కీమోలో మామూలుగా ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఉంటుంది. రక్తనాళంలోకి డ్రిప్‌గా అది ఎక్కిస్తారు, దాంతోపాటు చాలామందికి కెపెసిటబీన్ మాత్రలు మింగమంటారు. మీవారికీ ఇవే పడి ఉంటాయి, ఒకసారి ఫైలు తీసి చూడండి. ఆక్సాలిప్లాటిన్ నరాలను దెబ్బతీస్తుంది. ఎక్కించిన రోజుల్లో ఫ్రిజ్‌లో సీసా ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటాయి, చల్లని నీళ్ళు తాగితే గొంతు పట్టేస్తుంది. అది కొన్ని రోజులకు పోతుంది. రెండో రకం వేరు. డోసులు పెరిగేకొద్దీ వేళ్ళ కొసల్లో, అరికాళ్ళలో స్పర్శ తగ్గుతుంది. మందపాటి మేజోళ్ళు వేసుకుని నేలమీద నడిచినట్టుంటుంది.

మీరు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. కీమో ఆపేసిన తర్వాత కూడా ఈ తిమ్మిరి కొన్ని నెలలపాటు పెరగొచ్చు. "మందు అయిపోయింది కదా, ఇక తగ్గుడే" అని అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. చాలామందికి ముందు ముదిరి ఆ తర్వాతే మెల్లగా దిగుతుంది. ఏడాది దాటినా కొంత మిగిలేవాళ్ళున్నారు. అంటే మీవారు ఇప్పుడున్న నెలలే సరిగ్గా దాని గడ్డుకాలం కావచ్చు. మొహంలో కళ వచ్చి ఉంటుంది, జుట్టు బాగుంటుంది, ఆకలి వేస్తుంటుంది. పాదం మాత్రం వెనకబడి ఉంటుంది. ఆయన దాచిపెట్టడం లేదు, ఆయనకే సరిగ్గా తెలియకపోవచ్చు.

ఆయనకు ఎన్ని నెలల కీమో ఇచ్చారన్నది కూడా చూడండి. మూడో దశవాళ్ళకు ఒకప్పుడు ఆరు నెలలు ఇచ్చేవాళ్ళు. 2018లో పన్నెండు వేల మందికి పైగా రోగుల ఫలితాలు కలిపి ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. మూడో దశలోనే ముప్పు తక్కువగా ఉన్నవాళ్ళకు ఈ రెండు మందులతో మూడు నెలలు దాదాపు సరిపోతుందని, నరాల బాధ కూడా బాగా తగ్గుతుందని అందులో తేలింది. మూడు నెలలే పడి ఉంటే మీవారి పాదాలు త్వరగా కోలుకునే అవకాశం ఎక్కువ.

ఇంట్లో ఎలా చూసుకోవాలో చెప్తాను. బండి ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఆయన్ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టండి. కళ్ళు మూసుకోమనండి. మీరు తలుపు దగ్గర నిలబడి పెడల్‌నే చూడండి. క్లచ్ సగం తొక్కమనండి, పావు తొక్కమనండి, ఎక్కడుందో ఆయన్నే చెప్పమనండి. నేను "సగం తొక్కాను" అంటే మా ఆవిడ "లేదండీ, పూర్తిగా నేలకు ఆనించేశారు" అంది. తర్వాత కళ్ళు తెరిచి చూసుకుంటే నిజమే, పాదం అడుగున ఉంది, నాకు తెలియనేలేదు. ఆ రోజు మా పాత జీపు తాళం తీసి బీరువాలో పెట్టమన్నాను. డాక్టరు దగ్గరా అడగండి. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి కాలి బొటనవేలి మీద పెట్టి అదురు తెలుస్తోందా అని చూస్తారు, కళ్ళు మూయించి వేలిని పైకీ కిందికీ కదిపి ఎటు కదిలిందో చెప్పమంటారు. రెండు నిమిషాల పని. రద్దీలో వాళ్ళు మర్చిపోతే మీరే గుర్తుచేయండి.

హైవేమీద క్లచ్ కాస్త అటూఇటూ అయినా బండి ఒక కుదుపు ఇచ్చి సర్దుకుంటుంది. వంక గట్టెక్కేటప్పుడు అలా కాదు. ముందు చక్రాలు పైకి లేచి, బానెట్ తప్ప ఎదురుగా ఆకాశమే కనిపిస్తున్నప్పుడు క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో పాదానికే తెలియాలి, అప్పుడు కిందికి చూసుకునే తీరిక ఉండదు. అక్కడ బండి ఆగి వెనక్కి జారితే పక్కకు ఒరిగే ప్రమాదం ఉంది. అందుకే అంత గట్టిగా చెప్తున్నాను.

ఇంత చెప్పీ పంపండి అనడానికి కారణం ఉంది. ఆఫ్‌రోడింగ్ అంటే మీ అత్తగారి కళ్ళముందు మెదిలేది బురద ఎగజిమ్ముకుంటూ ఎగిరే బండి. వీడియోల్లో అదే చూపిస్తారు. అసలు పని చాలా నెమ్మది. "ఫోర్-లో" అనే గేరు, అంటే నాలుగు చక్రాలకూ బలమిచ్చి బండిని బాగా నెమ్మదిగా నడిపేది, వేశాక బండి మనిషి నడకకన్నా మెల్లగా పోతుంది. ఒక రాయి దాటించడానికి దిగి, చుట్టూ చూసి, చక్రం ఎక్కడ పెట్టాలో లెక్క వేసుకుని, మళ్ళీ ఎక్కి, అంగుళం అంగుళం కదుపుతాం. దిగుడులో బ్రేకు కూడా తక్కువే, ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. చికిత్స తర్వాతి ఒంటికి ఈ నిదానం బాగా సరిపోతుంది. లారీల మధ్య గంటకు వంద కిలోమీటర్లలో పోవడంకన్నా మేలనే నా అభిప్రాయం.

మీవారి థార్ ఆటోమేటిక్ అయితే సగం దిగులు తీరినట్టే. 2020లో వచ్చిన కొత్త థార్‌లో పెట్రోల్‌కూ డీజిల్‌కూ ఆరు గేర్ల ఆటోమేటిక్ ఉంది, అందులో ఎడమపాదానికి పనే లేదు. మారుతీ జిమ్నీలోనూ ఆటోమేటిక్ దొరుకుతుంది. కుడిపాదం మాత్రం ఏ బండిలోనైనా కావాలి. ఆక్సిలరేటర్ మీంచి బ్రేకు మీదికి పాదం తడబడకుండా మారుతోందా అన్నది ఇంటి ముందు ఖాళీ స్థలంలో చాలాసార్లు చూసుకున్నాకే బయటికి తీయమనండి. నేను మా స్నేహితుడి ఆటోమేటిక్ థార్‌తో, కోత అయిపోయిన చెనిక్కాయ చేలో మొదలుపెట్టాను. గుంటల్లేవు, గట్లు లేవు, చుట్టూ ఎవరూ లేరు. దానికే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

ఇక పొట్ట. పేగు ఆపరేషన్ కోత పైకి మానినా లోపలి పొర గట్టిపడటానికి నెలలు పడుతుంది. బరువులెత్తితే అక్కడే హెర్నియా, అంటే లోపలి పేగు బయటికి ఉబకడం, రావొచ్చు. స్టెప్నీ దించడం, జాకీ మీద బలం పెట్టడం, కూరుకుపోయిన బండిని భుజంతో నెట్టడం ఆయన పనులు కావని స్నేహితులకు మీరే ఫోన్ చేసి చెప్పండి. థార్ స్టెప్నీ దాదాపు ముప్పై కిలోలుంటుంది. ఆయన చెప్పరు. మొగవాళ్ళకు అది నోట రాదు. మంచి జట్టైతే ఒక్కసారి చెబితే చాలు, ఇంకెప్పుడూ ఆయన్ని టైరు ముట్టనివ్వరు.

కీమో ఎక్కించడానికి ఛాతీలో చర్మం కింద పెట్టే చిన్న పోర్టు ఇంకా తీయలేదా? పోర్టు మామూలుగా కుడివైపు పెడతారు. మన బండ్లలో డ్రైవర్ బెల్టు కుడిభుజం మీంచే వస్తుంది, సరిగ్గా పోర్టు మీద రాసుకుంటుంది. గతుకుల్లో ఆ రాపిడి ఊరికే పోదు. పక్క సీట్లో కూర్చుంటే బెల్టు ఎడమభుజం మీంచి వస్తుంది, ఇబ్బంది లేదు. డ్రైవింగ్‌కు వెళ్ళే నాటికి పోర్టు తీసేసి ఉంటే మంచిది, లేకపోతే బెల్టు కింద మెత్తటి గుడ్డ మడిచి పెట్టుకోవాలి. బెల్టు తీసేయడం మాత్రం కుదరదు. పొట్టమీద స్టోమా సంచి (మలం చేరడానికి అమర్చేది) ఉన్నవాళ్ళు నడుం బెల్టు దానిమీద పడకుండా కిందికి సర్దుకోవాలి, దానికి రక్షణగా కట్టుకునే కవచాలు కూడా దొరుకుతాయి.

ఇంకో మాట, దీన్ని ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. పేగు కొంత తీసేశాక విరేచనం మన మాట వినదు. ఒక్కసారిగా వస్తుంది. గుట్టల్లో, నదిలో బాత్రూములుండవు. నేను పొద్దున టిఫిన్ తేలిగ్గా తిని, పాలు మానేసి, వెళ్ళాక మజ్జిగన్నం తింటాను. బండిలో చిన్న తవ్వుకోల, నీళ్ళ క్యాను, మార్చుకునే బట్టలు ఎప్పుడూ ఉంటాయి. ఈ ఏర్పాటు ఉందన్న ధైర్యంతోనే నేను ఇల్లు కదలగలిగాను. నీళ్ళు మాత్రం తగ్గించొద్దు. మా ఎండల్లో విరేచనాలు పట్టుకుంటే మనిషి గంటల్లో వాడిపోతాడు.

పాదాలకు స్పర్శ తక్కువగా ఉన్నన్నాళ్ళూ సాయంత్రం ఇంటికి రాగానే బూట్లు విప్పించి అరికాళ్ళు చూడండి, వేళ్ళ సందులు కూడా. కంపచెట్ల ముల్లు బూటు అడుగులోంచి దిగినా ఆయనకు తెలియకపోవచ్చు. పాత జీపులైతే గేర్‌బాక్స్ పక్కన నేల కాలిపోతుంటుంది. స్పర్శ ఉన్నవాడు పాదం తీసేస్తాడు, లేనివాడికి బొబ్బ లేచాక తెలుస్తుంది. చేతివేళ్ళు కూడా అంతే. టైర్లలో గాలి తగ్గించడానికి వాల్వు మూత విప్పబోతే ఆ చిన్న మూత నా వేళ్ళ మధ్య ఉందో జారిపోయిందో తెలిసేది కాదు, కళ్ళతో చూస్తూ విప్పేవాణ్ణి. స్టీరింగ్ పట్టుకునేటప్పుడు బొటనవేళ్ళు లోపలికి చుట్టకుండా రింగు మీదే ఆనించి ఉంచమనండి. రాయి తగిలి స్టీరింగ్ గిర్రున తిరిగితే వేలు విరుగుతుంది. ఇది అందరికీ చెప్పే మాటే, మన వేళ్ళకు మరీ అవసరం.

నరాల బాధకు ప్రెగాబాలిన్ లాంటి మాత్ర రాసిచ్చి ఉంటే అది మత్తు తెస్తుంది. మొదలుపెట్టిన రోజుల్లో, డోసు పెంచిన రోజుల్లో బండి ముట్టకూడదు. ఇది చదివే మిగతావాళ్ళకు కూడా ఒక మాట: ఎముకలకు పాకిన క్యాన్సర్ అయితే, ప్లేట్‌లెట్లూ తెల్లకణాలూ తక్కువగా ఉంటే ఈ కుదుపులూ ఈ బురదనీళ్ళూ వద్దు. అప్పుడు డాక్టరు సరేననేదాకా ఆగాల్సిందే.

ఈ మధ్యలో ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టకండి. పక్క సీట్లో పంపండి. నా కీమో రోజుల్లో మా జట్టువాళ్ళు ఆదివారం వచ్చి నా జీపు స్టార్ట్ చేసి, బ్యాటరీ దిగిపోకుండా కాసేపు నడిపి, వాకిట్లో నిలబెట్టి పోయేవాళ్ళు. డీజిల్ వాసన కడుపులో తిప్పేది, అయినా బయటికొచ్చి అరుగుమీద కూర్చునేవాణ్ణి. వాళ్ళు నన్ను ఒంట్లో ఎలా ఉందని అడిగేవాళ్ళు కాదు. వెనక డిఫరెన్షియల్ దగ్గర చప్పుడొస్తోంది, బేరింగా, గేరు పళ్ళా అని అడిగేవాళ్ళు. ఊరంతా నన్ను రోగిగా చూస్తున్నప్పుడు వాళ్ళు నా దగ్గరికి సలహాకు వచ్చారు. అది నాకెంత బలమిచ్చిందో చెప్పలేను. మీ అత్తగారికి ఈ సంగతి చెప్పి చూడండి. బతికి బయటపడిన కొడుకు మళ్ళీ ప్రమాదంలోకి పోతాడేమోనని ఆమె భయం, అందులో తప్పులేదు. కానీ బండి అమ్మే నిర్ణయం మొదటి ఏడాదిలో తీసుకోవద్దు. ఏడాది తర్వాత ఆయనే వద్దనుకుంటే అప్పుడమ్మొచ్చు.

బదులుగా ఆయన దగ్గర ఒక మాట తీసుకోండి, రోజూ నడక. జీపు నడపడం వ్యాయామం కిందికి రాదు. 2025లో ఒక అధ్యయనం ఫలితాలు వచ్చాయి. పెద్దపేగు క్యాన్సర్‌కు కీమో ముగిసిన 889 మందిలో సగంమందితో మూడేళ్ళు ఒక పద్ధతి ప్రకారం వ్యాయామం చేయించారు. ఐదేళ్ళకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు వ్యాయామం చేసినవాళ్ళలో 80 శాతం, మిగతావాళ్ళలో 74 శాతం. బతికి ఉన్నవాళ్ళ సంఖ్యలోనూ తేడా కనిపించింది. నేను ఈ లెక్క చదివాక పొద్దున నడక ఒక్కరోజు కూడా వదలడం లేదు. పాదాల పట్టు కూడా దాంతోనే మెరుగైందనిపిస్తుంది.

స్కాను, జబ్బు తిరగబెట్టిందేమో చూసే సీఈఏ రక్తపరీక్ష ఉన్న వారంలో ఎక్కడికీ పోకండి. మనసు అక్కడే ఉంటుంది, బండి మీద ఉండదు. తొలి రెండు మూడేళ్ళే జబ్బు తిరిగొచ్చే ముప్పు ఎక్కువ కాబట్టి ఏ ట్రిప్పు కోసమూ పరీక్ష తేదీ జరపకూడదు, ఏడాది నిండాక చేయించాల్సిన కొలనోస్కోపీ (పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) కూడా. చోటు విషయానికొస్తే మొదట్లో ఫోన్ సిగ్నల్ ఉండి, ఆసుపత్రి ఉన్న ఊరికి గంటలోపు చేరగలిగే చోటే చూసుకోండి. అనుమతి లేకుండా రిజర్వ్ ఫారెస్ట్‌లోకి అసలు పోకూడదు, అది చట్టవిరుద్ధం కూడా. ఒంటరి బండితో పోవద్దు, కనీసం రెండు బండ్లుండాలి.

ఆయన బండి మాన్యువలా ఆటోమేటిక్కా, ఆక్సాలిప్లాటిన్ ఎన్ని సైకిళ్ళు (విడతలు) పడింది, కళ్ళు మూసుకుని పెడల్ తొక్కితే ఏం తేలింది, ఈ మూడూ రాయండి. ఎక్కడ మొదలుపెడితే బాగుంటుందో చెప్తాను. అనంతపురం, కడప వైపు వచ్చేటట్టయితే మెత్తటి ఇసుక, చదును చేలు నేనే దగ్గరుండి చూపిస్తాను.