పాత కారులో హారన్ మోగకపోతే వైరింగ్‌లో ఎక్కడ వెతకాలి?

కొత్త హారన్ కొనేముందు పాతదాన్నే విప్పి నేరుగా బ్యాటరీకి కలిపి చూడండి. మోగితే తప్పు వైరింగ్‌దే.

రెండు టెర్మినళ్ల హారన్ ఉన్న చాలా పాత కార్లలో కరెంటు ఫ్యూజ్ మీదుగా హారన్ దాకా ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. బటన్ చేసేది ఎర్త్ ఇవ్వడమే, అంటే హారన్ రెండో టెర్మినల్‌ను కారు బాడీకి కలపడమే. అందుకే హారన్ దగ్గర టెస్ట్ ల్యాంప్ (కరెంటు ఉందో లేదో చూపే చిన్న బల్బు) వెలుగుతున్నా హారన్ మోగకపోవచ్చు. అప్పుడు రెండో టెర్మినల్ నుంచి ఒక వైరు తెచ్చి, పెయింట్ లేని చోట బాడీకి తాకించండి. మోగిందా, లోపం స్టీరింగ్ వైపే: మురికిపట్టిన స్లిప్ రింగ్ (స్టీరింగ్ తిరుగుతున్నా కనెక్షన్ నిలిపే లోహపు వలయం), దానికి ఆనుకునే బ్రష్ అరగడం, లేదా స్టీరింగ్ కాలమ్‌లో తెగిన వైరు. కాలమ్‌కే ఎర్త్ సరిగా అందకపోవడం కూడా మామూలే, దీన్ని చాలామంది మర్చిపోతారు.

లూకాస్ అనే కంపెనీ వైరింగ్ ఉన్న బ్రిటిష్ కార్లలో సాధారణంగా ఊదా వైరు కరెంటుది, ఊదా మీద నల్ల గీత ఉన్నది బటన్‌ది.

స్టీరింగ్ విప్పేముందు బ్యాటరీ తీసేయండి. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) పెడితే బటన్ కాంటాక్టులు కాలవు. 6 వోల్టుల కారుకు 6 వోల్టుల రిలేనే వాడాలి.