అత్తగారు నన్ను ‘దరిద్రపుగొట్టుది’ అంటున్నారు

ప్రశ్న: మాది విశాఖ జ్ఞానాపురం. జగదాంబ సెంటర్ దగ్గర బట్టల షాపులో పని చేస్తాను. ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. మంచం మీద బట్టలు, సింకులో గిన్నెలు కనిపిస్తే చాలు, చుట్టాలున్నా సరే అత్తగారు ‘దరిద్రపుగొట్టుది’ అంటారు. మొన్న మా ఏడేళ్ల బాబు కూడా నన్ను ఆ మాటే అన్నాడు. మా ఆయన నోరు మెదపరు. ఆ మాటకు అర్థమేంటి? అది శాపమా?

జవాబు: శాపం కాదమ్మా, ఆ టెన్షన్ పెట్టుకోకండి. అయితే మీకు బాధ కలగడం సహజమే. దరిద్రం సంస్కృతం నుంచి వచ్చిన మాట, లేమి అని అర్థం. మురికితో దాన్ని ముడిపెట్టింది మన నమ్మకాలే. పాలసముద్రం చిలికినప్పుడు లక్ష్మి కన్నా ముందు ఆమె అక్క జ్యేష్ఠాదేవి పుట్టిందని పురాణ కథ. మన ఇళ్లల్లో ‘పెద్దమ్మ’ అనేది ఆవిడనే. ఊడవని ఇంట్లో, ఎంగిలి గిన్నెల మధ్య పెద్దమ్మ తిష్ట వేస్తుందని పెద్దలు చెప్పేవారు. అలా, శుభ్రం లేని మనిషి ఇంటికి లేమి తెస్తుందన్న నింద ఈ తిట్టులోకి వచ్చింది. జీతం తెచ్చి ఇల్లు నడిపే కోడలిని అనాల్సిన మాట కాదది. పైగా రోజూ కలహాలు జరిగే ఇల్లు కూడా పెద్దమ్మకు ఇష్టమైన చోటేనని ఆ పురాణాలే చెబుతాయి. మీ అత్తగారికి భక్తి ఉంటే ఈ సంగతి ఆవిడకు తప్పకుండా చెప్పండి.

మీ పేటలో ఇల్లు అద్దంలా ఉంచడం ఎవరి వల్లా కాదు. పోర్టు వైపు నుంచి బొగ్గు దుమ్ము వస్తుంది, పొద్దున తుడిచిన కిటికీ సాయంత్రానికి నల్లబడుతుంది. వానాకాలంలో ఉతికిన బట్టలు ఓ పట్టాన ఆరవు.

ముందు మీ ఆయనతో మాట్లాడండి. ‘మీ అమ్మ’ అని మొదలుపెడితే ఆయన వినరు. బాబు నోట ఆ మాట వచ్చిందని చెప్పండి, రాత్రి గిన్నెలు ఆయన్నే కడగమనండి. ఆయన ఇంట్లో మనిషే కదా! అత్తగారితో చుట్టాలెవరూ లేనప్పుడు, ‘పని మిగిలితే చెప్పండి అత్తయ్యా, చేస్తాను. పిల్లాడి ముందు ఆ మాట మాత్రం వద్దు’ అనండి. బాబును కొట్టకండి. ఆ మాటకు అమ్మ మనసు కష్టపడిందని చెప్పి, వాడి బట్టలు వాడిచేతే మడత పెట్టించండి.

ఇంత చేసినా నిద్ర పట్టక, ఏడుపు ఆగకపోతే 14416కు ఫోన్ చేయండి. అది మనసు బాగోలేనివారి కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.