పద్మపాణి గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

మేజర్ పద్మపాణి ఆచార్య మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఒడిశా మూలాలున్న ఆ హైదరాబాద్ ఇంటి బిడ్డ గురించి ఈ రోజుల్లో రాయాలని నీకనిపించడం నాకు చాలా సంతోషం. కానీ మొదటి పేజీలోనే 'సింహంలా గర్జించాడు', 'మృత్యువుకే సవాలు విసిరాడు' అని కనిపించాయి. పేరు తీసేసి ఇంకో సైనికుడి పేరు పెట్టినా నీ వ్యాసం అలాగే ఉంటుంది. నా బాధ అదే.

చాలా ఏళ్ల కిందట నేనూ ఇలాగే రాశాను. ఒక జవాను గురించి. పత్రిక పట్టుకుని వాళ్ల ఊరు వెళ్లి, అరుగు మీద కూర్చుని వాళ్లమ్మకు చదివి వినిపించాను. ఆవిడ అంతా విని, "బాగా రాశావు నాయనా. మరి మావాడు ఇందులో ఎక్కడున్నాడు?" అంది. పెరుగన్నంలోకి మామిడికాయ ముక్క లేకపోతే వాడికి ముద్ద దిగేది కాదట. అది ఎందుకు రాయలేదని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు కార్గిల్ యుద్ధంలోని ఆ రాత్రికి, 1999 జూన్ 28కి వద్దాం. ద్రాస్ కొండలు. అక్కడి శిఖరాల మీద శత్రువు కూర్చుంటే కింద శ్రీనగర్-లేహ్ రోడ్డు మీద వెళ్లే ప్రతి లారీ వాడి కంటికి కనిపిస్తుంది. ఆచార్య పటాలం 2 రాజ్‌పుతానా రైఫిల్స్ అప్పటికే తోలోలింగ్ శిఖరాన్ని గెలిచింది. ఈసారి పటాలంలో ఆచార్య నడిపే దళానికి, అంటే ఆయన కంపెనీకి, అప్పగించిన స్థావరం చుట్టూ మందుపాతరలు, పైన మెషిన్ గన్లు. దాడి మొదలవగానే ఫిరంగి గుళ్లు సరిగ్గా ముందు నడుస్తున్న ప్లటూన్ మీదే, అంటే కంపెనీలోని ఒక చిన్న జట్టు మీదే పడ్డాయి. చాలామంది కూలిపోయారు. దాడి అక్కడే ఆగిపోయేలా ఉంది. అప్పుడాయన రిజర్వ్ ప్లటూన్‌ని వెంటబెట్టుకుని తానే ముందు నడిచారు.

దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు! నా మటుకు నాకు ఆ రాత్రంతా ఇక్కడే ఉంది. రిజర్వ్ అంటే ఏమిటో పాఠకుడికి విడమరిచి చెప్పు. అది కమాండర్ దాచుకున్న ఆఖరి బలం. అదీ పోతే ఆయన చేతిలో ఇంకేమీ ఉండదు. కళ్ల ముందు తన మనుషులు పడిపోతుంటే, గుళ్లు కురుస్తుంటే, ఆ క్షణంలో తీసుకున్న నిర్ణయం అది. ఆ తర్వాత నిటారు రాతికొండ ఎక్కడం, బంకర్ దాకా పాకి గ్రెనేడ్లు విసరడం, కదల్లేనంతగా గాయపడటం. నన్ను వదిలేసి ముందుకెళ్లండని తన వాళ్లకు చెప్పి, పడి ఉన్నచోటి నుంచే కాల్పులు జరపడం. స్థావరం చేజిక్కింది, ఆయన దక్కలేదు. మరణానంతరం మహావీరచక్ర ఇచ్చారు, యుద్ధంలో చూపిన శౌర్యానికిచ్చే రెండో అతిపెద్ద పురస్కారం అది.

అదే రాత్రి అదే పటాలంలో నాగాలాండ్‌కు చెందిన కెప్టెన్ కెంగురూస్ రాతి మీద పట్టు దొరకడం కోసం బూట్లు విప్పేసి ఎక్కి, ప్రాణాలిచ్చారు. ఆయన్నీ మర్చిపోకు.

ఆచార్యకు భయమే తెలియదని రాశావు. నీకెలా తెలుసు? మనకు తెలిసిందల్లా ఆయన తండ్రికి రాసిన ఉత్తరం. చనిపోవడానికి కొద్ది రోజుల ముందు రాసింది. తండ్రి వైమానిక దళంలో పనిచేసినవారు, యుద్ధం సంగతి ఆయనకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ఉత్తరంలో ఒక చిన్న కోరిక ఉంది. కడుపుతో ఉన్న భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమని, పుట్టబోయే బిడ్డకు మంచి సంస్కారం అబ్బుతుందని. కొన్ని నెలలకు కూతురు పుట్టింది.

ఆ ఉత్తరాన్ని నువ్వు చివరి పేరాలో ఓ మూలన పెట్టావు. మొదటికి తీసుకురా. అభిమన్యుడి పేరు మాత్రం ఎత్తకు, మన పాఠకులకు దానంతటదే తడుతుంది.

తిరగరాసి పంపు. ఆ పెద్ద పెద్ద విశేషణాలన్నీ కొట్టేశాక ఎంత మిగిలితే అంతే పంపు, పేజీన్నర అయినా ఫరవాలేదు.

నీ అన్నయ్య