ఫోన్‌లో ఉన్న ఈమెయిల్ అడ్రస్‌ని యాప్‌లోకి తీసుకోవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఆండ్రాయిడ్‌లో పర్మిషన్ ఇచ్చినా గెట్‌అకౌంట్స్ (ఫోన్‌లోని అకౌంట్ల లిస్ట్ ఇచ్చే ఫంక్షన్) ఖాళీ లిస్ట్ ఇస్తోంది, ఐఫోన్‌లో అలాంటి ఫంక్షనే కనబడటం లేదు, యూజర్‌తో టైప్ చేయించకుండా ఈమెయిల్ కావాలి.

ఖాళీ లిస్ట్ మీ కోడ్‌లో తప్పు కాదు. ఒకప్పుడు గెట్ అకౌంట్స్ పర్మిషన్ ఉంటే ఫోన్‌లోని అకౌంట్లన్నీ యాప్‌కి కనబడేవి. ఆండ్రాయిడ్ 6.0లో అది యూజర్‌ని అడిగి తీసుకోవాల్సిన పర్మిషన్ అయింది, అదీ కాంటాక్ట్స్ గ్రూపులో. 8.0ని, ఆపై వెర్షన్లని టార్గెట్ చేసే (అంటే వాటి నియమాల ప్రకారం నడిచే) యాప్‌లకు ఆ పర్మిషన్ కూడా చాలదు: అకౌంట్‌ని యూజర్ స్వయంగా ఎంచుకుని ఇవ్వాలి. నెట్‌లో దొరికే పాత జవాబులు చాలావరకు అంతకు ముందువి, వాటి జోలికి పోకండి. మ్యానిఫెస్ట్ (యాప్‌కి కావాల్సిన పర్మిషన్లు రాసే ఫైల్) లోంచి ఆ పర్మిషన్ లైన్ తీసేయండి. ఈమెయిల్ కోసం కాంటాక్ట్స్ అడిగే యాప్‌ని జనం అనుమానంగానే చూస్తారు.

అడ్రస్ ఫీల్డ్‌లో నింపితే చాలు, లాగిన్ అక్కర్లేదు అనుకుంటే అకౌంట్‌మేనేజర్ (ఫోన్‌లోని అకౌంట్లు చూసుకునే ఆండ్రాయిడ్ భాగం) లోని న్యూచూజ్‌అకౌంట్‌ఇంటెంట్ వాడండి. అకౌంట్ టైప్‌గా కామ్.గూగుల్ ఇవ్వండి. సిస్టమే లిస్ట్ చూపిస్తుంది, యూజర్ ఒకటి నొక్కుతాడు, కీ అకౌంట్ నేమ్‌లో అడ్రస్ వస్తుంది. పర్మిషన్ ఏదీ అక్కర్లేదు. క్యాన్సిల్ కొట్టే అవకాశం ఉంది కాబట్టి చేత్తో టైప్ చేసే ఫీల్డ్ కూడా ఉంచండి. ఇలా వచ్చిన అడ్రస్ సర్వర్ దృష్టిలో వట్టి స్ట్రింగే. యాప్‌ని మార్చి ఎవరైనా ఏ అడ్రసైనా పంపవచ్చు, కాబట్టి దాన్ని నమ్మి ఎవరి అకౌంట్‌నీ తెరవకండి. కోడ్ పంపి ధ్రువీకరించుకోవాల్సిందే.

లాగిన్ కూడా కావాలంటే క్రెడెన్షియల్ మేనేజర్ (లాగిన్ల కోసం ఆండ్రాయిడ్‌లో ఉన్న లైబ్రరీ) తో గూగుల్ సైన్ ఇన్ పెట్టండి. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. మొదటిది, సెట్‌సర్వర్‌క్లయింట్‌ఐడీలో ఇవ్వాల్సింది వెబ్ టైప్ క్లయింట్ ఐడీ (గూగుల్ క్లౌడ్ కన్సోల్‌లో మీ యాప్ కోసం తీసుకునే గుర్తింపు). ఆండ్రాయిడ్ క్లయింట్ ఐడీ ఇస్తే పనిచేయదు, అయినా ఆండ్రాయిడ్ క్లయింట్ కూడా ఆ కన్సోల్‌లో ఉండి తీరాలి. రెండోది, మన ఫోన్‌లో బాగా నడిచిన లాగిన్ ప్లే స్టోర్ నుంచి దించుకున్న యాప్‌లో ఆగిపోవడం. ప్లే యాప్ సైనింగ్ వాడితే యూజర్‌కి చేరే యాప్‌పై ఉండేది ప్లే దగ్గరున్న కీ సంతకం. ప్లే కన్సోల్‌లో యాప్ సైనింగ్ పేజీలో కనిపించే షా-1 (ఆ కీ వేలిముద్ర లాంటిది) తీసుకుని, దానికి ఇంకో ఆండ్రాయిడ్ క్లయింట్ చేర్చండి. మూడోది, ఫిల్టర్‌బైఆథరైజ్డ్‌అకౌంట్స్‌ని (ఇంతకుముందు ఈ యాప్‌లో లాగిన్ అయిన అకౌంట్లే చూపమనే సెట్టింగ్) ట్రూగా పెడితే కొత్త యూజర్‌కి అకౌంట్లే కనబడక నో క్రెడెన్షియల్ ఎక్సెప్షన్ వస్తుంది. అది వచ్చినప్పుడు ఫాల్స్‌తో మళ్లీ పిలవాలి.

వచ్చిన ఐడీ టోకెన్‌ని (యూజర్ ఎవరో చెబుతూ గూగుల్ సంతకం చేసి ఇచ్చేది) సర్వర్‌కి పంపి, సంతకం, ఆడియన్స్ (ఎవరి కోసం ఇచ్చారు), ఇష్యూయర్ (ఎవరు ఇచ్చారు), గడువు చూశాకే అందులోని ఈమెయిల్ తీసుకోండి. డేటాబేస్‌లో యూజర్‌ని గుర్తించడానికి మాత్రం ఈమెయిల్ కాదు, సబ్ అనే ఫీల్డ్ (ప్రతి అకౌంట్‌కీ గూగుల్ ఇచ్చే ఐడీ) వాడండి. ఈమెయిల్ మారవచ్చు, సబ్ మారదు.

ఐఫోన్‌లో ఫోన్ యజమాని ఈమెయిల్ ఇచ్చే ఏపీఐ లేదు, వెతకడం దండగ. సైన్ ఇన్ విత్ యాపిల్ ఉంది, ఐఓఎస్ 13 నుంచి. ఫుల్ నేమ్, ఈమెయిల్ రెండు స్కోపులూ (యాప్ కోరే వివరాలు) అడగండి. క్రెడెన్షియల్‌లో ఈ రెండూ వచ్చేది యూజర్ ఒప్పుకున్న మొదటిసారే. తర్వాతి లాగిన్లలో ఆ ఫీల్డులు నిల్, అంటే ఖాళీ. మొదటిసారి సర్వర్‌కి పంపేటప్పుడు నెట్ పోయిందంటే పేరు పోయినట్టే. అందుకే ముందు కీచెయిన్‌లో (ఐఫోన్‌లో రహస్య వివరాలు భద్రంగా దాచే చోటు) రాసి, సర్వర్ సరే అన్నాక చెరిపేయండి. టెస్టింగ్‌లో రెండోసారి నిల్ చూసి బగ్ అనుకునేవాళ్లు బోలెడంతమంది. సెట్టింగ్స్‌లో పైన పేరు నొక్కి, సైన్ ఇన్ విత్ యాపిల్ లిస్ట్‌లో మీ యాప్ అనుమతి తీసేస్తే మళ్లీ మొదటిసారిలాగే అడుగుతుంది.

యూజర్ హైడ్ మై ఈమెయిల్ ఎంచుకుంటే వచ్చేది ప్రైవేట్‌రిలే అడ్రస్ (అసలు అడ్రస్‌కి మెయిల్ దాటించే మారు అడ్రస్). అది పనిచేసే అడ్రసే, ఫార్మాట్ చెకింగ్‌లో తోసేయకండి. కాకపోతే మెయిల్ పంపే మీ డొమైన్‌ని యాపిల్ డెవలపర్ అకౌంట్‌లో రిజిస్టర్ చేసి, ఎస్‌పీఎఫ్ రికార్డ్ (మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పేది) సరిగ్గా పెట్టాలి. లేకపోతే పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్ కూడా యూజర్‌కి చేరదు.

ఫేస్‌బుక్ లాగిన్ పెడుతుంటే ఒక్క మాట: ఫోన్ నంబర్‌తో చేరినవాళ్లకి ఈమెయిల్ ఫీల్డే రాదు. అక్కడా చేత్తో టైప్ చేసే ఫీల్డే దిక్కు. దానికి ఐఓఎస్‌లో టెక్స్ట్‌కంటెంట్‌టైప్, ఆండ్రాయిడ్‌లో ఆటోఫిల్ హింట్ రెండూ ఈమెయిల్‌అడ్రస్ అని పెట్టండి. సేవ్ చేసుకున్న అడ్రస్ ఉంటే కీబోర్డే చూపిస్తుంది, ఒక్క నొక్కుతో పని అయిపోతుంది.